ట్రాక్ మీద టర్బో కారు, టర్బో లేని కారు: మలుపు దగ్గర తేలే లెక్క

సభాధ్యక్షులకు, మెకానికల్ విభాగం అధ్యాపకులకు, చేతిలో పని ఆపుకొని ఆటోనగర్ నుంచి వచ్చిన మెకానిక్ మిత్రులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

రేస్ ట్రాక్ మీద టర్బో ఉన్న స్పోర్ట్స్ కారు మెరుగా, టర్బో లేని కారు మెరుగా అన్నది ఈ రోజు నాకు అప్పగించిన విషయం. మన నెల్లూరు చుట్టుపక్కల రేస్ ట్రాక్ లేదు గానీ, మద్రాసు దాటాక శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ ఉంది. ఈ హాల్లో కూర్చున్నవారిలో కొందరికి తమ బండ్లను అక్కడికి తీసుకువెళ్లాలన్న కోరిక ఉందని నాకు తెలుసు. అందుకని, పెద్ద కార్ల అంకెలు చెప్పినా, చివరికి మన ఎండలో, మన డబ్బుతో బండి నడిపేవారికి పనికొచ్చే చోటికే మాటను తీసుకువస్తాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ల్యాప్ సమయం, అంటే ట్రాక్‌ను ఒక చుట్టు చుట్టడానికి పట్టే సమయం, ఇంజన్ గరిష్ఠ శక్తి కన్నా మరో సంగతి మీద ఎక్కువగా ఆధారపడుతుంది. మలుపు మధ్య నుంచి బయటపడే ఆ రెండు మూడు సెకన్లలో ఆ శక్తిని కుడికాలితో ఎంత కచ్చితంగా కొలిచి టైరుకు ఇవ్వగలం, పదో ల్యాప్‌లోనూ ఇంజన్ మొదటి ల్యాప్‌లో ఇచ్చినట్టే ఇస్తుందా అన్నదే ఆ సంగతి. ఈ రెండింటిలోనూ టర్బో లేని ఇంజన్‌కు ఇప్పటికీ ఎంతో కొంత ఆధిక్యం ఉంది. మిగతా దాదాపు అన్నింటిలో టర్బోదే పైచేయి, దాన్ని ఒప్పుకోకపోవడం మొండితనమే.

ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు, గాలి దగ్గరే చిక్కు. టర్బో లేని ఇంజన్‌లో పిస్టన్ కిందికి దిగినప్పుడు బయటి వాతావరణ పీడనం ఎంత గాలిని లోపలికి తోస్తే అంతే గాలి. కాబట్టి అలాంటి ఇంజన్‌కు బలం పెంచాలంటే సిలిండర్లు పెద్దవి చేయాలి, లేదా నిమిషానికి తిరిగే చుట్లు పెంచాలి. టర్బో దారి వేరు. సైలెన్సర్ గుండా వృథాగా పోయే పొగ బలంతో ఒక చక్రం తిరుగుతుంది, అదే ఇరుసుకు రెండో చివర ఉన్న చక్రం గాలిని నొక్కి సిలిండర్లోకి పంపుతుంది. ఈ ఆలోచనకు స్విస్ ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమాన ఇంజన్‌ను నాలుగు వేల మీటర్ల పైచిలుకు ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరం మీదికి తీసుకువెళ్లి, పలుచని గాలిలో పోగొట్టుకున్న శక్తిని టర్బోతో తిరిగి రాబట్టవచ్చని చూపించాడు. అమ్మకానికి వచ్చిన కార్లలోకి అది చేరడానికి 1962 దాకా పట్టింది. ఫార్ములా వన్‌లోకి 1977లో రెనో కంపెనీ తెచ్చింది. రెండేళ్ల తర్వాత ఫ్రాన్స్‌లోని దిజోన్‌లో ఆ కారు గెలిచేదాకా దాన్ని ఎవరూ లెక్కచేయలేదు, ఆ తర్వాత పదేళ్లకు, 1989లో, నియమాలు టర్బోను పూర్తిగా నిషేధించాయి. 2014లో 1.6 లీటర్ల వి6 టర్బో హైబ్రిడ్ రూపంలో అది మళ్లీ వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. టర్బో గురించి మాట్లాడేటప్పుడు మనవాళ్లు రెండు వేర్వేరు లోపాలను ఒక్కటిగా కలిపి 'ల్యాగ్', అంటే ఆలస్యం, అనేస్తారు. ఇంజన్ చుట్లు ఒక స్థాయికి దిగువన ఉంటే పొగలో చక్రం తిప్పే సత్తువే ఉండదు. ఎంత తొక్కినా బూస్ట్, అంటే టర్బో నొక్కి పంపే అదనపు గాలి పీడనం, రాదు. ఇది మొదటిది. ట్రాక్ మీద సరైన గేరులో ఉన్న డ్రైవరుకు దీనితో పెద్దగా పని పడదు, ఎందుకంటే అతను ఆ స్థాయికి పైనే ఉంటాడు. రెండోది అసలైన ఆలస్యం. మలుపుకు ముందు బ్రేకు తొక్కడానికి యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తాం, పొగ తగ్గుతుంది, నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరుగుతున్న చక్రం మందగిస్తుంది. మలుపు మధ్యలో మళ్లీ తొక్కినప్పుడు ముందు పొగ పెరగాలి, ఆపైన చక్రం వేగం అందుకోవాలి, ఆపైన గొట్టాలూ, నొక్కిన గాలిని చల్లార్చే ఇంటర్‌కూలరూ నిండాలి, అప్పటికి గానీ టార్క్, అంటే ఇంజన్ తిప్పే బలం, పూర్తిగా రాదు. నేటి మంచి కార్లలో ఈ ఆలస్యం సెకనులో చిన్న భాగమే. కానీ ఆ చిన్న భాగం ఎక్కడ పడుతుందో చూడండి: టైరు తన పట్టులో ఎక్కువ భాగాన్ని బండిని వంపు తిప్పడానికే ఖర్చు చేస్తున్న చోట.

టైరుకు ఉన్న పట్టు ఒక్కటే నిధి. పక్కకు వాడుకుంటే ముందుకు మిగలదు, ముందుకు వాడుకుంటే పక్కకు మిగలదు. ఒంగోలు గిత్తల బండలాగుడు పందెం చూసినవారికి ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. బండ కదలక ముందే జత ఒక్క ఉదుటున దూకితే గిట్టలు జారతాయి, కాడికి బలం క్రమంగా ఎక్కిస్తేనే బండ కదులుతుంది. మలుపు నుంచి బయటికి వస్తున్న వెనక టైర్లది కూడా అదే పరిస్థితి. టర్బో లేని ఇంజన్‌లో కాలు ఎంత నొక్కితే దాదాపు అంతే టార్క్ అప్పటికప్పుడే వస్తుంది, కాలు కొంచెం ఎత్తితే కొంచెం తగ్గుతుంది. కాబట్టి డ్రైవరు టైరు అంచును వెతుక్కుంటూ పోగలడు. టర్బో కారులో అతను ఇప్పుడు అడిగినది కాసేపటికి, ఒక్కోసారి అడిగినదానికన్నా ఎక్కువగా వస్తుంది. అనుభవం ఉన్నవాడు ఆ ఆలస్యాన్ని ముందే లెక్కగట్టి కాస్త తొందరగా తొక్కుతాడు. 1975 నాటి పోర్షే 911 టర్బోను నడిపినవాళ్లు అలాగే నేర్చుకున్నారు. మూడు లీటర్ల ఇంజన్, 260 పీఎస్ (దాదాపు హార్స్‌పవరే) శక్తి, బరువంతా వెనక, నాలుగే గేర్లు. మలుపులో భయపడి కాలు తీసినవాడిని ఆ కారు వెనక నుంచి తిప్పేసేది.

దీనికి ఇంజనీర్లు వెతికిన విరుగుళ్లు చాలా ఉన్నాయి, వాటిని త్వరగా చెప్పి ముందుకు వెళతాను. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో 1-3-4-2 వరసలో మంట రాజుకుంటుంది కాబట్టి, ఒకటీ నాలుగు సిలిండర్ల పొగను, రెండూ మూడు సిలిండర్ల పొగను వేర్వేరు దారుల్లో చక్రం మీదికి పంపితే ఒక సిలిండర్ దెబ్బ మరొకదాన్ని అడ్డుకోదు. అదే ట్విన్ స్క్రోల్. పొగ చక్రాన్ని తాకే దారిని రెక్కలతో వెడల్పూ ఇరుకూ చేసే పద్ధతి డీజిల్ బండ్లలో పాతదే, పెట్రోలు పొగ వేడికి మాత్రం ఆ రెక్కలు నిలిచేవి కావు. పోర్షే 2006లో 911 టర్బోలో దాన్ని నిలబెట్టింది. 2024 నాటి 911 కరెరా జీటీఎస్‌లో టర్బో ఇరుసు మీదే ఒక ఎలక్ట్రిక్ మోటారు ఉంది, అది పొగ కోసం ఆగకుండా చక్రాన్ని తిప్పి ఉంచుతుంది. ర్యాలీ కార్లలోనైతే మండని ఇంధనాన్ని పొగ గొట్టంలో మండించి చక్రం వేగం పడిపోకుండా చూస్తారు; రోడ్డు బండికి ఆ పని చేయించమని అడిగే కుర్రవాడు వస్తే, దయచేసి, ఆటోనగర్ మిత్రులు అతణ్ని టీ తాగించి పంపేయండి.

ఇక అంకెలు. ఫెరారీ 458 ఇటాలియాలో టర్బో లేని 4.5 లీటర్ల వి8 ఉంది: 9000 చుట్ల దగ్గర 570 పీఎస్, 540 న్యూటన్ మీటర్ల టార్క్. దాని తర్వాత వచ్చిన 488 జీటీబీలో 3.9 లీటర్ల రెండు టర్బోల వి8: 670 పీఎస్, కేవలం 3000 చుట్ల దగ్గరే 760 న్యూటన్ మీటర్లు. ఫియొరానోలో ఉన్న తమ సొంత ట్రాక్ మీద కంపెనీ చెప్పిన సమయాలు మొదటిదానికి 1 నిమిషం 25 సెకన్లు, రెండోదానికి 1 నిమిషం 23 సెకన్లు. ఇంత తేడా ఉన్నాక వాదన ముగిసినట్టే అనిపిస్తుంది. కానీ అదే ఫెరారీ 488లో కింది గేర్లలో పూర్తి టార్క్ ఇవ్వకుండా, గేరు పెరిగేకొద్దీ పెంచుతూ పోయేలా కంప్యూటర్‌కు పగ్గం వేసింది. టర్బో లేని ఇంజన్‌కు పుట్టుకతోనే ఉండే, బలం క్రమంగా ఎక్కే తీరును టర్బో ఇంజన్ చేత అనుకరింపజేశారన్నమాట. తయారుచేసినవాళ్లే ఈ అవసరం గుర్తించారంటే మలుపులో చేతికి అందే టార్క్ విలువ ఏమిటో తెలుస్తుంది.

రెండో పోలిక నాకు మరింత ఇష్టమైనది. 2017లో పోర్షే 911 జీటీ2 ఆర్ఎస్, 3.8 లీటర్లు, రెండు టర్బోలు, 700 పీఎస్, 750 న్యూటన్ మీటర్లతో, జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ ఉత్తర ట్రాక్ మీద 20.6 కిలోమీటర్ల దూరాన్ని 6 నిమిషాల 47.3 సెకన్లలో చుట్టింది. 2022లో అదే కంపెనీ 911 జీటీ3 ఆర్ఎస్, 4 లీటర్లు, టర్బో లేదు, 525 పీఎస్ మాత్రమే, అదే దూరాన్ని 6 నిమిషాల 44.8 సెకన్లలో చుట్టింది. 175 పీఎస్ తక్కువ ఉన్న కారు రెండున్నర సెకన్లు ముందు వచ్చింది! టర్బో లేకపోవడం వల్లే గెలిచిందని ఇక్కడ ఎవరైనా చప్పట్లు కొడితే నేను ఒప్పుకోను. కొత్త కారుకు ఐదేళ్ల తర్వాతి టైర్లు ఉన్నాయి, గంటకు 285 కిలోమీటర్ల దగ్గర 860 కిలోల బరువుతో బండిని నేలకు నొక్కే రెక్కలు ఉన్నాయి. నిరూపణ అయ్యింది వేరొకటి: మలుపులో టైరు పట్టు పెరిగితే, దాన్ని పూర్తిగా వాడుకోగల డ్రైవరు ఉంటే, 175 పీఎస్ లోటు పూడ్చుకోవచ్చు. పొడవైన తిన్నని దారుల్లో మాత్రం టర్బో కారు దాన్ని దాటిపోతూనే ఉంటుంది. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ట్రాక్‌లో కిలోమీటరు దాటిన తిన్నని దారి ఒకటి ఉంది, అక్కడ 700 పీఎస్ చేతిలో ఉంటే వద్దనేవారు ఉండరు.

ఫ్రాన్స్‌లో జరిగే లెమాన్స్ 24 గంటల పోటీని కూడా కొందరు సాక్ష్యంగా తెస్తారు. అక్కడ జీటీఈ ప్రో అనే స్పోర్ట్స్ కార్ల విభాగంలో 2018లో టర్బో లేని పోర్షే 911 ఆర్ఎస్ఆర్, 2019లో టర్బో ఫెరారీ, 2020లో టర్బో ఆస్టన్ మార్టిన్, 2021లో మళ్లీ ఫెరారీ, 2022లో మళ్లీ పోర్షే గెలిచాయి. కానీ ఆ పోటీ నిర్వాహకులే బరువుతో, గాలి రంధ్రం కొలతతో, బూస్ట్ పరిమితితో అన్ని కార్లనూ సమానం చేస్తారు కాబట్టి, ఆ ఫలితాలతో మన ప్రశ్నకు జవాబు దొరకదు.

వేడి దగ్గరికి వద్దాం, మన నెల్లూరువాళ్లకు ఇది పరాయి విషయం కాదు. మే నెలలో 44 డిగ్రీల ఎండలో ఉన్న గాలి, 15 డిగ్రీల దగ్గరి గాలికన్నా సుమారు 9 శాతం పలుచన. టర్బో లేని ఇంజన్ ఆ మేరకు శక్తిని పోగొట్టుకుని ఊరుకుంటుంది, అది మొదటి ల్యాప్‌లో ఎంతో చివరి ల్యాప్‌లోనూ దాదాపు అంతే. టర్బో ఆ లోటును ఇంకొంచెం నొక్కి పూడుస్తుంది, ఇది దాని గొప్పతనం. అయితే గాలిని నొక్కితే వేడెక్కుతుంది. 44 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి తెచ్చే కంప్రెసర్ సామర్థ్యం 72 శాతం అనుకుని లెక్క కడితే, బయటికి వచ్చే గాలి 140 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. ఇంటర్‌కూలర్ దాన్ని చల్లారుస్తుంది గానీ బయటి గాలికన్నా చల్లగా చేయలేదు. ల్యాప్ తర్వాత ల్యాప్ ఆగకుండా తిప్పితే ఆ కూలర్ లోహమే వేడెక్కి కూర్చుంటుంది. వేడి గాలి సిలిండర్‌లోకి వెళితే ఇంజన్ నాక్ అవుతుంది, అంటే పెట్రోలు తనంతట తానే పేలినట్టు మండుతుంది, కంప్యూటర్ అది పసిగట్టి ఇగ్నిషన్‌ను, అంటే నిప్పురవ్వ పడే వేళను, ఆలస్యం చేస్తుంది, బలం తగ్గుతుంది. టర్బో లేని జీటీ3లో కంప్రెషన్ నిష్పత్తి, అంటే పిస్టన్ సిలిండర్లోని గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్క, 13.3 దాకా పోవచ్చు, టర్బో ఇంజన్లలో దాన్ని బాగా తగ్గించుకోవాల్సి రావడానికి కారణం ఈ నాకింగే. మూడో ల్యాప్ తర్వాత బండి 'లాగడం లేదు' అని చెప్పే టర్బో కారు యజమాని మాట చాలాసార్లు నిజమే, ఇంజన్ పాడవలేదు, తనను తాను కాపాడుకుంటోంది.

ఎత్తైన ప్రదేశాల్లో మాత్రం ఈ వాదన తలకిందులవుతుంది. మెక్సికో నగరం ట్రాక్ సముద్రమట్టానికి సుమారు 2200 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ టర్బో లేని ఇంజన్ ఐదో వంతు గాలి లేక నీరసపడుతుంది. ఇరుంగాట్టుకోట్టై దాదాపు మైదానంలోనే ఉంది కాబట్టి మనకు ఆ బెంగ లేదు.

ఇప్పుడు విద్యార్థులు అడగబోయే ప్రశ్న: ట్రాక్ నేర్చుకోవడానికి ఏ బండి? నా సలహా టర్బో లేని, తక్కువ బరువున్న, మాన్యువల్ గేరు బండి. మన దేశంలో మొదటి మెట్టు రేసులకు ఫార్ములా ఎల్‌జీబీ కార్లలో 1300 సీసీ సుజుకి ఇంజనే వాడుతున్నారు, అందులో టర్బో లేదు. తప్పు చేసినప్పుడు తప్పు మీ కాలిదని అలాంటి బండి వెంటనే చెబుతుంది. టర్బో కారులో అది ఆలస్యంగా చెప్పడం వల్ల కారణం ఎక్కడుందో తెలుసుకోవడం కష్టం. చేతిలో ఇప్పటికే లీటరు టర్బో హ్యాచ్‌బ్యాక్ ఉంటే అమ్మేయాల్సిన పని లేదు. మలుపులో ఒక గేరు పైన ఉంచి, యాక్సిలరేటర్‌ను కొంచెం ముందుగా, కొంచెం నెమ్మదిగా తొక్కడం అలవాటు చేసుకోండి. ఊళ్లో రీమ్యాప్ చేయించి, అంటే ఇంజన్ కంప్యూటర్ అమరికలు మార్పించి, బూస్ట్ పెంచిన బండిని, బంకులో దొరికే మామూలు పెట్రోలు పోసి ఎండలో ట్రాక్ మీదికి మాత్రం తేవద్దు. ఆ డబ్బు బ్రేకు ప్యాడ్లకు, మంచి బ్రేకు ఆయిల్‌కు, టైర్లకు పెట్టండి. ల్యాప్ సమయం వాటివల్లే ఎక్కువ తగ్గుతుంది.

చీమకుర్తి నుంచి కృష్ణపట్నం రేవుకు గ్రానైట్ దిమ్మెలు మోసే లారీ డ్రైవర్లు, బండి ఆపగానే ఇంజన్ కట్టేయరు. కాసేపు ఐడిల్‌లో ఉంచుతారు, ఎందుకంటే ఒక్కసారిగా ఆపితే టర్బో బేరింగ్‌కు ఆయిల్ ప్రవాహం ఆగిపోయి, అక్కడ మిగిలిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ట్రాక్ మీద టర్బో కారుకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. వేగంగా తిప్పిన తర్వాత ఒక ల్యాప్ పూర్తిగా నెమ్మదిగా తిప్పండి, పిట్‌లోకి, అంటే బండ్లు ఆపే చోటికి, వచ్చాక ఇంజన్‌ను రెండు నిమిషాలు నడవనివ్వండి, ఆపాక హ్యాండ్ బ్రేకు లాగకుండా గేరులో వదిలి చక్రానికి చెక్క అడ్డం పెట్టండి. ఎర్రగా కాలిన డిస్కు మీద ప్యాడ్ నొక్కి ఉంచితే అక్కడే అంటుకుంటుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.