కరూసోను వదిలేసుకున్న లెక్క

అందరికీ నమస్కారం. డిఫెన్స్ కోసమే జట్టులో ఉన్న ఆటగాడి కాంట్రాక్ట్ అయిపోతే మళ్ళీ తీసుకోవాలా, పోనివ్వాలా అన్నదాని మీద మాట్లాడమన్నారు. గాల్లో మాట్లాడితే ఎటూ తేలదు కాబట్టి ఒక్క మనిషిని పట్టుకుందాం: అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు అలెక్స్ కరూసో.

అక్కడి పెద్ద లీగ్ ఎన్‌బీఏలో జట్లు కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2016లో, ఇతన్ని ఎవరూ తీసుకోలేదు. చిన్న లీగ్‌లో ఆడుకుంటూ వచ్చి, 2017లో టూ-వే కాంట్రాక్ట్ (పెద్ద లీగ్‌కీ చిన్న లీగ్‌కీ మధ్య తిరిగే ఒప్పందం) మీద లేకర్స్ జట్టులో చేరి, 2020లో మయామీ మీద టైటిల్ గెలిచిన ఫైనల్స్ ఆరో మ్యాచ్‌కి ఏకంగా మొదటి ఐదుగురిలో దిగాడు. 2021 వేసవిలో కాంట్రాక్ట్ అయిపోయింది, చికాగో బుల్స్ నాలుగేళ్ళకు 3 కోట్ల 70 లక్షల డాలర్లు ఇస్తామంది. అంతే మీరూ ఇవ్వండని లేకర్స్‌ని అడిగితే కాదన్నారట, పోనీ కొంచెం తక్కువకైనా ఉంటానంటే దానికీ కాదన్నారట. తర్వాత ఒక పాడ్‌కాస్ట్‌లో అతనే చెప్పిన మాట ఇది.

ఎందుకు కాదన్నారంటే లగ్జరీ ట్యాక్స్, అంటే జట్టు జీతాల మొత్తం ఒక పరిమితి దాటితే ఓనర్ లీగ్‌కి కట్టే పన్ను. అప్పటి రూల్స్‌లో పరిమితి దాటిన మొదటి 50 లక్షల మీద డాలరుకు డాలరున్నర పన్ను, ఇంకా దాటుతూ పోతే డాలరుకు మూడు డాలర్ల పైమాటే, అంటే కరూసోకి ఏడాదికి 90 లక్షలు ఇస్తే ఓనర్ జేబులోంచి పోయేది కోట్లలో. ఆ భయం నాకర్థమవుతుంది. కానీ చాలామంది ఇక్కడే ఒకటి మర్చిపోతారు: అతన్ని వదిలేస్తే ఓనర్‌కి డబ్బు మిగులుతుందేమో గానీ జట్టుకి ఏమీ మిగలదు. బర్డ్ రైట్స్ అనే రూల్ ఉంది కాబట్టి సొంత ఆటగాడికైతే శాలరీ క్యాప్ (జట్టు జీతాల మీద లీగ్ పెట్టిన హద్దు, పన్ను పరిమితి కంటే తక్కువది) దాటి గరిష్ఠ జీతం దాకా ఇవ్వొచ్చు, బయటివాణ్ణి అదే డబ్బుతో తెచ్చుకోవడానికి మాత్రం క్యాప్ అడ్డం, ఇక దొరికేది ఎక్కువగా కనీస జీతానికి వచ్చేవాళ్ళే. అందుకే “90 లక్షలకు తగినవాడా?” అని అడక్కూడదు, “ఇతను పోతే ఆ చోట నిలబడేదెవరు?” అని అడగాలి.

తమాషా ఏమిటంటే అదే వేసవిలో లేకర్స్ తమ ఇంకో ఆటగాడు టేలన్ హోర్టన్-టక్కర్‌కి మూడేళ్ళకు 3 కోట్ల పైచిలుకు ఇచ్చారు. కుర్రాడు, బంతి చేతిలో ఉంటే స్కోర్ చేస్తాడని ఆశ. స్కోర్ చేసేవాడిని కొనడం సులువు, నంబర్ కనబడుతుంది కదా; క్రికెట్‌లో పాయింట్ దగ్గర నిలబడి 20 పరుగులు ఆపినవాడికి స్కోర్‌కార్డ్‌లో గడే లేదు. ముందు సీజన్ డిఫెన్స్‌లో లీగ్ మొత్తానికి మొదటి స్థానంలో ఉన్న లేకర్స్ 2021-22లో 20వ స్థానం కిందకి జారి, 33 గెలిచి 49 ఓడి, ప్లేఆఫ్స్‌కే రాలేదు. అంతా కరూసో పోవడం వల్లే అంటే అన్యాయం, చాలామందిని ఇచ్చి వెస్ట్‌బ్రూక్ అనే స్టార్‌ని తెచ్చుకున్న ట్రేడ్ ఉంది, గాయాలున్నాయి. కరూసో మాత్రం 2022-23లో మ్యాచ్‌కి సగటున 6 పాయింట్లు కూడా చేయకుండా ఆల్-డిఫెన్సివ్ ఫస్ట్ టీమ్‌లో (లీగ్ మొత్తంలో డిఫెన్స్‌కి ఎంపికచేసే మొదటి ఐదుగురిలో) చోటు సంపాదించాడు.

అయితే డిఫెన్స్ ఆడేవాళ్ళందరినీ కళ్ళు మూసుకుని ఉంచుకోమంటానా? అనను. టోనీ ఆలెన్‌ని చూడండి. 2013లో మెంఫిస్ నాలుగేళ్ళకు 2 కోట్లతో ఉంచుకుంది, ఆ కాంట్రాక్ట్‌లో మూడుసార్లు ఆల్-డిఫెన్సివ్ టీమ్‌కి ఎంపికయ్యాడు, బేరం బాగున్నట్టే. కానీ 2015 ప్లేఆఫ్స్‌లో 2-1తో వెనకబడ్డ వారియర్స్ ఏం చేశారు? సెంటర్ బోగట్‌ని పేరుకే అతని మీద పెట్టి, బాస్కెట్ కింద నిలబెట్టి, నీ ఇష్టం, షాట్ వేసుకో అని వదిలేశారు. ఆలెన్ షాట్లు పడలేదు, మెంఫిస్ దాడి ఇరుక్కుపోయింది, కోచ్ అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టక తప్పలేదు, సిరీస్ 4-2తో వారియర్స్‌దైంది. రెగ్యులర్ సీజన్‌లో ఈ లోపాన్ని ఎవరూ ఇంత పట్టించుకోరు, ప్లేఆఫ్స్‌లో అదే జట్టుతో వరసగా ఆడాలి కాబట్టి బయటపడుతుంది. కాబట్టి నేనైతే ముందు చూసేది కార్నర్ త్రీ, అంటే కోర్టు మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్. గొప్పగా వేయక్కర్లేదు, వదిలేస్తే వేస్తాడన్న భయం అవతలివాళ్ళకుంటే చాలు.

ఇప్పుడు 2025 మే 18, ప్లేఆఫ్స్‌లో ఓక్లహామా, డెన్వర్ ఏడో మ్యాచ్ గుర్తు తెచ్చుకోండి, అప్పటికి కరూసో ఓక్లహామా ఆటగాడు, మనకి అర్ధరాత్రి దాటాక వచ్చింది, నిద్ర మానుకుని చూసినవాళ్ళు ఇక్కడే ఉంటారు. డెన్వర్ స్టార్, 211 సెంటీమీటర్ల యోకిచ్ మీద 196 ఉన్న కరూసోని పెట్టారు. వెనక నిలబడితే నలిగిపోతాడు కాబట్టి ముందుకొచ్చి పాస్ అందకుండా అడ్డం నిలబడ్డాడు, తల మీదుగా ఎత్తుగా లాబ్ పాస్ వేస్తే వెనక ఇంకొకడు కాచుకునున్నాడు. యోకిచ్‌ 20 పాయింట్ల దగ్గర ఆగాడు, 125-93తో ఓక్లహామా గెలిచింది. తర్వాత ఫైనల్స్‌లో రెండు మ్యాచ్‌ల్లో కరూసో 20 చొప్పున కొట్టాడు, టైటిల్ వచ్చింది.

ఆ టైటిల్‌కి ముందే, 2024 డిసెంబర్‌లోనే, ఓక్లహామా ఇతనికి నాలుగేళ్ళకు 8 కోట్ల 10 లక్షలు రాసిచ్చింది. అప్పటికి వయసు 30, కాంట్రాక్ట్ అయ్యేసరికి 35. నేల మీద పడి దొర్లే ఆటగాడి ఒళ్ళు అంతకాలం ఆగుతుందా అంటే నాకూ అనుమానమే, చివరి రెండేళ్ళు ఎక్కువ చెల్లిస్తున్నట్టే లెక్క. అయినా నన్నడిగితే సంతకం పెట్టించేవాణ్ణే, ఎందుకంటే ఆ ఏడో మ్యాచ్‌లో యోకిచ్ ముందు నిలబెట్టడానికి వాళ్ళ దగ్గర అలాంటివాడు ఇంకొకడు లేడు. ఇక మీ ప్రశ్నలు అడగండి, లేకర్స్ అభిమానులు ముందు.