సెప్టెంబరు 17: ఒక వ్యాసం, పలు పక్షాలు

సభకు నమస్కారం.

తెలుగు వికీపీడియాలో కొత్తగా రాయడం మొదలుపెట్టిన మీకు తటస్థ దృక్కోణం గురించీ, మూలాల గురించీ నాలుగు మాటలు చెప్పమని నిర్వాహకులు అడిగారు. నియమాల పేజీలు మీరే చదువుకోగలరు కనుక వాటిని ఇక్కడ వల్లించను. మన దగ్గర ఎవరూ నిర్లిప్తంగా మాట్లాడలేని ఒక విషయాన్ని, అంటే 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారత యూనియన్‌లో కలిసిన ఘట్టాన్ని తీసుకుని, దానిమీద వ్యాసం రాయబోతే ఏ వాక్యం దగ్గర ఏ చిక్కు ఎదురవుతుందో చూద్దాం.

మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. సెప్టెంబరు 17ను కొందరు విమోచన దినమంటారు, కొందరు విలీన దినమంటారు, సైన్యం వచ్చింది రైతాంగ సాయుధ పోరాటాన్ని అణచడానికేనని భావించేవారు విద్రోహ దినమంటారు. కేంద్ర ప్రభుత్వం 2022లో దాన్ని హైదరాబాద్ విమోచన దినంగా జరిపితే, అదే రోజును రాష్ట్ర ప్రభుత్వం జాతీయ సమైక్యతా దినంగా జరిపింది. ప్రభుత్వం మారాక 2024లో అదే రాష్ట్రంలో అది ప్రజాపాలన దినోత్సవమైంది. కొత్తగా వచ్చిన వాడుకరి వీటిలో తనకు నచ్చిన పేరు పెట్టి వెళ్తాడు, మర్నాటికి ఇంకొకరు దాన్ని మారుస్తారు, మూడోనాటికి చర్చాపేజీలో తగవు మొదలవుతుంది. వ్యాసం ఆ తగవును తీర్చనక్కర్లేదు. ఏ పేరును ఎవరు, ఎప్పటినుంచి, ఏ వాదనతో వాడుతున్నారో ఒక విభాగంలో వివరించి, శీర్షికకు మాత్రం సైనిక చర్యకు పెట్టిన ఆపరేషన్ పోలో అన్న పేరునో, అలాంటి మరో వర్ణననో వాడితే సరిపోతుంది.

అలాగని ప్రతి వాక్యానికీ ‘అని కొందరు అంటారు’ అని తగిలించడం తటస్థత అనిపించుకోదు. సెప్టెంబరు 13న భారత సైన్యం సంస్థానంలోకి ప్రవేశించింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. మర్నాడు నిజాం సేనాధిపతి ఎల్ ఎద్రూస్, మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి ఎదుట లొంగిపోయాడు. ఇందులో ఏ పక్షానికీ పేచీ లేదు కనుక వీటిని సూటిగా రాసి మూలం చూపాలి. ఎవరి అభిప్రాయమో చెప్పవలసిన అవసరం వ్యాఖ్యానం మొదలైన చోట, అంటే ఎందుకు జరిగింది, ఎవరికి మేలు జరిగింది అన్న ప్రశ్నల దగ్గర వస్తుంది. నా అనుభవంలో కొత్తవారు దీన్ని తలకిందులుగా చేస్తారు: తేదీల దగ్గర తటపటాయిస్తారు, తీర్పుల దగ్గర మాత్రం ధాటిగా రాసేస్తారు.

ఇక మూలాల సంగతి. ఈ విషయంమీద పుస్తకాలకు కొదవ లేదు, కాని ఎక్కువగా ఉటంకించే వాటిలో చాలా భాగం ఆ ఘట్టంలో పాత్రధారులైనవారు రాసినవే. కె.ఎం. మున్షీ ఆనాడు హైదరాబాదులో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్, వి.పి. మీనన్ సంస్థానాల మంత్రిత్వ శాఖ కార్యదర్శి. మీర్ లాయక్ అలీ నిజాం చివరి ప్రధాని. పుచ్చలపల్లి సుందరయ్య సాయుధ పోరాట నాయకుల్లో ఒకరు. నలుగురూ పుస్తకాలు రాశారు, నలుగురూ తాము దగ్గరనుంచి చూసినదే రాశారు, అయినా నలుగురి కథలూ ఒకటి కావు. వీటిని పక్కన పెట్టనక్కర్లేదు. మున్షీ ఏమనుకున్నాడో చెప్పడానికి మున్షీ పుస్తకాన్ని మించిన మూలం లేదు. కాని నిజాం మంత్రివర్గం ఏ ఉద్దేశంతో ఏ నిర్ణయం తీసుకుందో తేల్చడానికి అదొక్కటే చాలదు. కనుక ‘ఏజెంట్ జనరల్‌గా ఉన్న మున్షీ కథనం ప్రకారం’ అని మనిషినీ, అతని హోదానూ వాక్యంలోనే చెప్పాలి. తరువాతి తరం పరిశోధకులు ఈ కథనాలన్నిటినీ పక్కపక్కన పెట్టి పరిశీలించిన గ్రంథాలు దొరికితే, వ్యాసానికి వెన్నెముకగా వాటినే వాడుకోవాలి.

మృతుల సంఖ్య దగ్గర ఇది మరీ సున్నితమవుతుంది. సైనిక చర్య సమయంలోనూ, ఆ తరువాతా జరిగిన హింసను విచారించడానికి భారత ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్ బృందం, తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదికను ప్రభుత్వం చాలాకాలం ప్రచురించలేదు. దీన్ని వ్యాసంలో పెట్టేటప్పుడు రెండు రకాల తప్పులు జరుగుతుంటాయి. ఒకరు ‘40 వేల మందిని చంపారు’ అని పై అంకెను మాత్రమే పట్టుకుని అంచనాను ఖాయం చేస్తారు. మరొకరు అది తమ పక్షానికి ఇబ్బంది కలిగిస్తుందని మూలంతో సహా తొలగిస్తారు. ‘సుందర్‌లాల్ కమిటీ అంచనా ప్రకారం’ అని మొదలుపెట్టి, రెండు అంకెలనూ ఇచ్చి, అంతకుముందు నిజాం పక్షాన నిలిచిన సాయుధ దళమైన రజాకార్లు చేసిన హత్యలను వాటి మూలాలతో వాటి కాలక్రమంలో చెప్పాలి. ఒక హింసను మరొక హింసకు సమాధానంగా చూపించే ‘అయితే’, ‘కానీ’ వంటి చిన్న పదాలను ఇలాంటి చోట పట్టి పట్టి చూడండి. మూలంలో లేని వాదన చాలాసార్లు వాటిగుండానే వ్యాసంలోకి వచ్చేస్తుంది.

ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని బైరాన్‌పల్లి సంగతి చూడండి. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరిమీద దాడి చేసి గ్రామస్థులను సామూహికంగా చంపారు. ఊరివాళ్ళు కాపు కాసిన బురుజు ఆ ఘటనకు గుర్తుగా చెప్పుకునే చోటు. ఏటా ఆగస్టు చివర్లోనూ, సెప్టెంబరు 17కు ముందూ పత్రికల్లో దీనిమీద కథనాలు వస్తాయి, వాటిలో మృతుల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పది పత్రికలు ఒకే అంకె వేశాయంటే పది మూలాలున్నట్టు కాదు, అందరూ ఒకరి నుంచి ఎత్తి రాసి ఉండవచ్చు. కొన్నిసార్లు ఆ ఒకరు మన వికీపీడియానే అవుతుంది: ఎవరో ఆధారం లేకుండా చేర్చిన అంకెను విలేకరి తీసుకుంటాడు, ఆ వార్తను తెచ్చి మనవాళ్ళు మళ్ళీ మూలంగా పెడతారు. అందుకే వ్యాస చరితం, అంటే వ్యాసంలో ఎవరు ఎప్పుడు ఏం మార్చారో చూపే పేజీ తెరిచి, ఆ అంకె వ్యాసంలోకి ఏ రోజున వచ్చిందో, పత్రిక కథనం ఏ రోజుదో పోల్చండి. ఐదు నిమిషాల పని, ఎవరూ చేయరు.

ఆ కాలపు పత్రికలనే వెతుకుదామంటే, సురవరం ప్రతాపరెడ్డి 1926లో స్థాపించిన గోలకొండ పత్రిక వంటివి ఎంతో విలువైనవి. అయితే నిజాంకు వ్యతిరేకంగా రాసినందుకు ఇమ్రోజ్ సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను 1948 ఆగస్టులో చంపేసిన నగరం ఆనాటి హైదరాబాదు. అలాంటి చోట పత్రికలో ఒక వార్త లేదంటే ఆ సంఘటన జరగలేదని రాయడానికి వీల్లేదు.

తెలంగాణ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు తరచూ అడిగే మాట ఒకటుంది: మా తాత కళ్ళారా చూసి చెప్పాడు, అది రాయకూడదా అని. నేరుగా రాయకూడదు, చదివేవాడు సరిచూసుకునే మార్గం లేదు కాబట్టి. కాని ఆయన మాటలను ఇప్పుడే రికార్డు చేసి పెట్టండి, తేదీ, ఊరు, మాట్లాడినవారి వివరాలు వారి అనుమతితో రాసుకోండి, స్థానిక చరిత్ర సంకలనాలు వేసేవారికో, విశ్వవిద్యాలయ చరిత్ర శాఖకో అందజేయండి. వాళ్ళు పరిశీలించి అచ్చు వేసిన నాడు ‘ప్రత్యక్షసాక్షి కథనం ప్రకారం’ అని వ్యాసంలో పెట్టుకోవచ్చు. ఆ తరంవాళ్ళు ఇప్పుడు తొంభై దాటి ఉంటారు. ఈ పని మాత్రం వ్యాసం కన్నా ముందు చేయండి.