ఫ్లూ వచ్చిన వారంలో గుండె పరిస్థితి

యాంకర్: డాక్టర్ గారూ, ఫ్లూ అంటే గొంతు, ఊపిరితిత్తుల జబ్బే కదా. గుండె మీద ఎందుకు పడుతుంది?

డాక్టర్: వైరస్ గుండెలోకి చేరనక్కర్లేదండీ. దానితో ఒళ్లు పోరాడుతుంటే ఇన్‌ఫ్లమేషన్, అంటే లోపలి వాపు పెరుగుతుంది, రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు తేలిగ్గా అతుక్కుంటాయి. రక్తనాళం గోడలో ఏళ్లుగా కదలకుండా ఉన్న కొవ్వు పూడిక అప్పుడు చిట్లితే, దాని మీద రక్తం గడ్డకడుతుంది. జ్వరానికి గుండె వేగం ఎటూ పెరుగుతుంది. కెనడాలోని ఒంటారియోలో చేసిన అధ్యయనం 2018లో వెలువడింది. ఫ్లూ నిర్ధారణ అయ్యాక మొదటి 7 రోజుల్లో గుండెపోటుతో ఆసుపత్రిలో చేరడం, అదే మనుషుల్లో మిగతా రోజులతో పోలిస్తే సుమారు 6 రెట్లు ఉంది.

యాంకర్: అయితే ఆ వారంలోపు మందు మొదలుపెట్టాలన్నమాట.

డాక్టర్: వారం ఆగితే చాలా ఆలస్యం. లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు పడాలి. ఫ్లూకి ఇచ్చే ఒసెల్టామివిర్ అనే మందు వైరస్‌ను చంపదు. కొత్తగా తయారైన వైరస్ కణాన్ని వదిలి పక్క కణానికి పోకుండా అడ్డుకుంటుంది. అప్పటికే అది బాగా పెరిగిపోతే అడ్డుకోడానికి మిగిలేది తక్కువ. పెద్దవాళ్లకు 75 మిల్లీగ్రాములు, రోజుకు 2 సార్లు, 5 రోజులు. గుండె జబ్బున్నవాళ్లకు రిపోర్ట్ కోసం ఆగకుండానే మొదలుపెడతాం. ర్యాపిడ్ టెస్ట్ నెగెటివ్ వచ్చినంత మాత్రాన ఫ్లూ లేదని కాదు. ఆసుపత్రిలో చేరేంత జబ్బు చేస్తే 48 గంటలు దాటినా ఇస్తాం.

యాంకర్: డోసు అందరికీ ఒకటేనా?

డాక్టర్: కాదు, పొరపాట్లు జరిగేది ఇక్కడే. గుండె బలహీనపడినవాళ్లలో చాలామందికి కిడ్నీలు కూడా సరిగ్గా పనిచేయవు. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే క్రియాటినిన్ క్లియరెన్స్ నిమిషానికి 30 నుంచి 60 మిల్లీలీటర్ల మధ్య ఉంటే 30 మిల్లీగ్రాములు 2 సార్లు, 10 నుంచి 30 మధ్య ఉంటే అదే 30 మిల్లీగ్రాములు రోజుకు ఒక్కసారే. కొందరికి వికారంగా ఉంటుంది, తిన్నాక వేసుకుంటే కొంత నయం.

యాంకర్: మందు వేసుకుంటే గుండెపోటు తప్పుతుందా?

డాక్టర్: అలా మాటివ్వలేను. వేసుకున్నవాళ్లలో గుండె సమస్యలు తగ్గాయని కొన్ని పరిశీలనలు చెప్పాయి. అయితే త్వరగా డాక్టర్ దగ్గరికి వచ్చేవాళ్లు మిగతా జాగ్రత్తలు కూడా తీసుకుంటారు కాబట్టి, తేడా అంతా మందుదే అనలేం. టీకాకు మాత్రం గట్టి రుజువుంది. 2021లో వచ్చిన ఒక ట్రయల్‌లో ఎక్కువమంది గుండెపోటు వచ్చినవాళ్లే. ఆసుపత్రిలోనే 72 గంటల్లోపు టీకా వేశారు. ఏడాదిలో మరణం, మళ్లీ గుండెపోటు, స్టెంట్‌లో (రక్తనాళాన్ని తెరిచి ఉంచే గొట్టంలో) గడ్డ, ఈ మూడూ కలిపి టీకా వేయనివాళ్లలో 7.2 శాతం ఉంటే, వేసినవాళ్లలో 5.3 శాతమే.

యాంకర్: మరి జలుబు మాత్రలు?

డాక్టర్: స్ట్రిప్ వెనక పేర్లు చదవండి. ముక్కు దిబ్బడకు కలిపే ఫినైలెఫ్రిన్, సూడోఎఫెడ్రిన్ బీపీ పెంచుతాయి. నొప్పి మాత్ర ఐబుప్రోఫెన్ ఒంట్లో ఉప్పూ నీరూ నిలబెడుతుంది, రక్తం గడ్డకట్టకుండా వేసుకునే ఆస్పిరిన్ పనికీ అడ్డొస్తుంది. జ్వరానికి పారాసిటమాల్ వాడండి, కానీ జలుబు మాత్రలో కూడా అదే ఉంటే డోసు రెండింతలైపోతుంది. ఆస్పిరిన్, కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ సొంతంగా ఆపొద్దు. వాంతులవుతూ నీళ్లు కూడా నిలవకపోతే, మూత్రం ఎక్కువ పోయే మాత్ర సంగతి ఆ రోజే డాక్టర్‌ని అడగండి.

యాంకర్: ఎప్పుడు పరిగెత్తాలి?

డాక్టర్: ఛాతీలో బరువు, చల్లటి చెమటలు, పడుకుంటే ఆయాసం. వీటిలో ఏది వచ్చినా ఫ్లూ నీరసమే అనుకోకుండా అంబులెన్స్ పిలిచి, వెంటనే ఈసీజీ తీయించుకోవాలి. షుగర్ ఉన్నవాళ్లకు నొప్పి తెలియకపోవచ్చు, ఊరికే ఆయాసమొచ్చినా వెళ్లాల్సిందే.