మెమ్స్ ఎలక్టివ్ తీసుకున్నారా? సాఫ్ట్‌వేర్ తర్వాత, ముందు వేఫర్ సంగతి చూడండి

నమస్తే అండీ అందరికీ. ఈసీఈలోనో మెకానికల్‌లోనో మెమ్స్ అని, అంటే సిలికాన్ మీద మైక్రాన్ల సైజులో కదిలే, వంగే భాగాలు, సెన్సర్లు చేసే సబ్జెక్టు, ఒక ఎలక్టివ్ ఉంటుంది, మార్కులు బాగా పడతాయని సీనియర్లు చెబితే తీసుకుంటారు, ఇంకా పాఠాలు సగం కూడా అవ్వకుండానే కామ్సాల్ అనే సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ తెరిచి ఒక కాంటిలివర్ బీమ్ (ఒక చివర మాత్రమే బిగించిన పట్టీ) గీసి, రంగురంగులుగా వంగిన ఆ బొమ్మని రిపోర్టులో అతికించి మైక్రోసిస్టమ్ డిజైన్ చేసేశాం అంటారు. నేనైతే దాన్ని డిజైన్ అనను. దీన్ని ఎలా తయారుచేస్తావు బాబూ అని వైవాలో ఎవరైనా అడిగితే నోట మాట రాదు. ఈ సబ్జెక్టులో తయారీ తెలియకపోతే డిజైన్ తెలియనట్టే.

ఒక ప్రెషర్ సెన్సర్ తీసుకుందాం. సిలికాన్ వేఫర్, అంటే చిప్‌లు చేసే పల్చటి సిలికాన్ బిళ్ళ, మందం 500 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు). వెనక నుంచి తొలుచుకుంటూ వెళ్ళి పైన 20 మైక్రాన్ల పల్చటి పొర మిగల్చాలి, దాన్నే మెంబ్రేన్ అంటాం, ఒత్తిడి పడితే వంగేది అదే. వెడల్పు 1000 మైక్రాన్లు కావాలి. మరి మాస్క్ మీద, అంటే ఎక్కడ తొలవాలో చూపించే అచ్చు మీద, చదరం ఎంత గీస్తారు? వెయ్యి అంటే అయిపోయారు! పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణం సిలికాన్‌ని అన్ని వైపులా ఒకేలా తినదు, సిలికాన్ స్ఫటికంలో 100 అనే తలాన్ని గబగబా తింటుంది, 111 తలం దగ్గరికొచ్చేసరికి దాదాపు ఆగిపోతుంది, అందుకని గోడలు నిటారుగా కాకుండా 54.74 డిగ్రీల వాలుతో దిగుతాయి. 480 మైక్రాన్ల లోతుకి ఒక్కో పక్క సుమారు 339.4 మైక్రాన్లు లోపలికి వస్తుంది, రెండు పక్కలా కలిపి దాదాపు 679. అంటే మాస్క్ మీద గీయాల్సింది 1679 మైక్రాన్ల చదరం. చిప్ సైజు ఎంత పెరిగిందో చూడండి, అంతా ఆ వాలు వల్లే.

ఇంకా ఉంది. 80 డిగ్రీల దగ్గర ఎచింగ్, అంటే ఇలా ద్రావణంతో తినిపించడం, సుమారుగా నిమిషానికి ఒక మైక్రాన్ అనుకోండి, 480 మైక్రాన్లంటే ఎనిమిది గంటలు. ఫొటోరెసిస్ట్, అంటే మాస్క్ బొమ్మని వేఫర్ మీదకి దించడానికి పూసే కాంతికి స్పందించే పూత, అందులో అంతసేపు ఎక్కడ నిలుస్తుంది, ఊడి కొట్టుకుపోతుంది. కాబట్టి తినకూడని చోట్లని కాపాడడానికి సిలికాన్ నైట్రైడ్ పొర కావాలి. ఆ నైట్రైడ్‌ని మామూలుగా ఎల్‌పీసీవీడీ (తక్కువ ఒత్తిడిలో వాయువుల నుంచి పొర వేసే పద్ధతి) ఫర్నేస్‌లో 700 నుంచి 800 డిగ్రీల దగ్గర వేస్తారు, అల్యూమినియం 660కే కరిగిపోతుంది, అంటే వైర్ల కోసం అల్యూమినియం ముందే వేసుకుంటే ఖేల్ ఖతం. వరస తప్పితే అంతే. పైగా వేఫర్ మందం ఒక 10 మైక్రాన్లు అటూఇటూ అయినా మెంబ్రేన్ అంచు 7 మైక్రాన్లు జరుగుతుంది, మీరేమో స్ట్రెస్ ఎక్కువుండే చోటని సరిగ్గా ఆ అంచు దగ్గరే పీజోరెసిస్టర్లు, అంటే స్ట్రెస్ పడితే నిరోధం మారే రెసిస్టర్లు, పెట్టి ఉంటారు. ఇవేవీ మీ సిమ్యులేషన్ తనంతట తాను చెప్పదు.

రెండో సంగతి, చిన్న లోకంలో బలాలు తారుమారవుతాయి. ఒక వస్తువుని అన్ని కొలతల్లోనూ పదో వంతుకి తగ్గిస్తే బరువు వెయ్యో వంతుకి పడిపోతుంది, ఉపరితలం మాత్రం వందో వంతుకే తగ్గుతుంది. అలా తగ్గించుకుంటూ పోతే గురుత్వాకర్షణని చాలాచోట్ల లెక్కలోంచి తీసేయొచ్చు, కానీ నీటి తలతన్యత ప్రాణం తీస్తుంది. బీమ్ కింద ఉన్న ఆక్సైడ్‌ని హెచ్ఎఫ్ (హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం)తో కరిగించి, నీళ్ళతో కడిగి ఆరబెడతారు కదా, ఆరుతున్న ఆ కాస్త నీరే బీమ్‌ని కిందికి లాగి నేలకి అంటించేస్తుంది, ఇక లేవదు. దీని పేరు స్టిక్షన్. ద్రవ కార్బన్ డయాక్సైడ్‌తో క్రిటికల్ పాయింట్ డ్రయింగ్, అంటే తలతన్యత లాగకుండా ఆరబెట్టడం, చేసేది ఇందుకే.

స్థిర విద్యుత్ బలం కూడా ఇక్కడ పెద్దన్న. ఒకదాని మీద ఒకటి రెండు ప్లేట్లు ఉన్నాయనుకోండి, కింది ప్లేటు కదలదు, పైది స్ప్రింగ్ మీద ఉంది, వోల్టేజ్ పెంచుతూ పోండి, మధ్య ఖాళీలో మూడో వంతు దూరం వరకూ బుద్ధిగా దిగుతుంది, ఆ తర్వాత టపీమని అతుక్కుంటుంది. పుల్-ఇన్ అంటే ఇదే. పరీక్షలో కచ్చితంగా అడుగుతారు, ఫార్ములా బట్టీ పట్టకుండా స్ప్రింగ్ బలం, విద్యుత్ బలం రెండూ ఒకే గ్రాఫ్ మీద గీసి చూడండి, టెన్షన్ పోతుంది.

మా కాలేజీలో క్లీన్‌రూమ్ (ఇవన్నీ తయారుచేసే దుమ్ములేని ల్యాబ్) లేదు కదా అంటారు. చాలా కాలేజీల్లో ఉండదు, నిజమే. అయితే బెంగళూరు ఐఐఎస్సీ, ఐఐటీ బాంబే లాంటి చోట్ల ఐఎన్‌యూపీ అనే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం కింద బయటి కాలేజీల వాళ్ళకి శిక్షణ ఇస్తారు, సొంత ప్రాజెక్టుకి అవకాశం కూడా ఉంటుంది. అంతవరకూ ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో ఐఐఎస్సీ ప్రొఫెసర్లు చెప్పిన మైక్రో అండ్ స్మార్ట్ సిస్టమ్స్ పాఠాలు చూడండి, ఫ్రీయే.

వచ్చే వీడియోలోపు ఒక పని చేయండి. వేఫర్ మందం 400, మెంబ్రేన్ మందం 10, వెడల్పు 800 మైక్రాన్లు. మాస్క్ చదరం ఎంతో లెక్కేసి, నైట్రైడ్ వేయడం దగ్గర్నుంచి అల్యూమినియం వేసేదాకా ఒక్కో స్టెప్‌కి ఒక్కో అడ్డుకోత బొమ్మ నోట్‌బుక్‌లో పెన్సిల్‌తో గీయండి. ఆ తర్వాత తెరవండి కామ్సాల్.