గడియారం చప్పుడు నిజం, ఆ రెండు ఓట్లు కావు

నమస్తే అండీ. పోయిన ఆదివారం మా బావ మా ఇంటికి భోజనానికొచ్చాడు. తిన్నాక ఇద్దరం కూర్చుని, అమెరికా అధ్యక్షుడు అబ్రహం లింకన్ మీద స్పీల్‌బర్గ్ తీసిన 'లింకన్' పెట్టుకున్నాం. నేను చూడటం ఐదోసారి, ఆయనకి మొదటిసారి. రెండున్నర గంటల సినిమా. అయిపోగానే ఆయన నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏంటో తెలుసా? "బాగుంది బామ్మర్దీ, కానీ ఇది ఆస్కార్‌కి వేసిన గాలం." అంతే, సాయంత్రం టీ టైమ్ దాకా వాదించుకున్నాం. ఆయన వెళ్లిపోయినా నా బుర్రలో అదే తిరుగుతోంది. అందుకే ఈ వీడియో.

బావ మాటలో నిజం ఉంది. గాలం అనడానికి కావల్సిన సరుకంతా ఆ సినిమాలో ఉంది. అందరూ గౌరవించే నాయకుడు, స్పీల్‌బర్గ్ లాంటి డైరెక్టర్, డేనియల్ డే-లూయిస్ లాంటి నటుడు, 2012 నవంబర్‌లో రిలీజ్, అంటే సరిగ్గా అవార్డుల సీజన్. 2013 జనవరిలో గోల్డెన్ గ్లోబ్స్ స్టేజీ మీద ఆ సినిమాని పరిచయం చేయడానికి ఎవరొచ్చారనుకున్నారు? సాక్షాత్తూ బిల్ క్లింటన్. ఒక మాజీ అధ్యక్షుడు! ఆస్కార్‌కి 12 నామినేషన్లు. ఆ ఏడాది ఇంకే సినిమాకీ అన్ని రాలేదు.

అయినా బావ మాటని నేను ఒప్పుకోను. అవార్డు కోసం తీశారన్నది తప్పు ఎలా అవుతుందండీ? అవార్డు మీద ఆశ ఉంది కాబట్టే కొంతమంది ఒళ్లు దాచుకోకుండా పనిచేస్తారు. ఈ సినిమాలో లింకన్ జేబు గడియారం టిక్కుటిక్కుమంటుంది కదా, ఆ చప్పుడు ఎక్కడిదో కాదు. కెంటకీ హిస్టారికల్ సొసైటీ దగ్గర లింకన్ సొంత గడియారం ఉంది. సౌండ్ డిజైనర్ బెన్ బర్ట్ దాని చప్పుడే రికార్డు చేయించి సినిమాలో వాడాడు. ఒక్కసారి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. నూటయాభై ఏళ్లకి పైగా వెనక ఆ మనిషి చెవిన పడిన చప్పుడే ఇప్పుడు మన చెవిన పడుతోంది. నాకైతే ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఒళ్లు పులకరిస్తుంది. సినిమాలో లింకన్‌కి డే-లూయిస్ పెట్టిన గొంతు కూడా అంతే. ట్రైలర్ వచ్చినప్పుడు ఆ సన్నటి గొంతు విని చాలామంది ఇదేంటి ఇలా ఉంది అనుకున్నారు, ఎందుకంటే లింకన్ అంటే గంభీరమైన గొంతే మన ఊహల్లో ఉంది. కానీ ఆయన గొంతు సన్నగా, కీచుగా ఉండేదని ఆయన్ని దగ్గరగా చూసినవాళ్లే రాసిపెట్టారు.

ఇంత పట్టింపుతో తీసిన సినిమా కాబట్టే ఇప్పుడు చెప్పబోయేది నన్ను బాధపెడుతుంది.

సినిమా గుండెకాయ ఓటింగ్ సీన్. 1865 జనవరి 31న అమెరికా ప్రతినిధుల సభలో బానిసత్వాన్ని రద్దు చేసే 13వ రాజ్యాంగ సవరణ మీద ఓటు. అంతకుముందు 1864 ఏప్రిల్‌లో సెనేట్ దాన్ని ఆమోదించింది, కానీ జూన్‌లో ప్రతినిధుల సభలో 93-65తో వీగిపోయింది. మెజారిటీ ఉంది, కానీ రాజ్యాంగ సవరణకి కావల్సిన మూడింట రెండొంతులు లేదు. జనవరిలో మళ్లీ పెట్టారు. 119 మంది అవునన్నారు, 56 మంది కాదన్నారు, 8 మంది ఓటే వేయలేదు. ఈ లెక్క కాస్త జాగ్రత్తగా చూడండి. ఓటేసినవాళ్లు 175 మంది. అందులో మూడింట రెండొంతులంటే 117 కావాలి. వచ్చినవి 119. అంటే గట్టెక్కింది రెండే రెండు ఓట్లతో.

ఆ సీన్‌లో సభ్యులు ఒక్కొక్కరే లేచి చెబుతుంటే మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. అక్కడ కనెక్టికట్ రాష్ట్రం నుంచి ఇద్దరు లేచి కాదు అంటారు. వాస్తవానికి ఆ రోజు కనెక్టికట్ సభ్యులు నలుగురు. నలుగురూ అవుననే ఓటేశారు.

దీన్ని పట్టుకున్నది ఎవరో ప్రొఫెసర్ కాదు, కనెక్టికట్ నుంచే కాంగ్రెస్‌కి ఎన్నికైన జో కోర్ట్నీ. సినిమా చూశాడు, మా రాష్ట్రం వాళ్లు బానిసత్వం వైపు ఓటేశారా అని అనుమానం వచ్చింది, పాత రికార్డులు తెప్పించి చూసుకున్నాడు. 2013 ఫిబ్రవరి 5న స్పీల్‌బర్గ్‌కి లెటర్ రాశాడు. డీవీడీ వచ్చేలోపు సరిచేయండి అన్నాడు. సరిగ్గా ఆ రోజుల్లోనే సినిమా డీవీడీలు స్కూళ్లకి పంచుతామన్న మాట నడుస్తోంది. పిల్లలు ఇదే చరిత్ర అనుకుని నేర్చుకుంటారు కదా మరి.

స్క్రీన్‌ప్లే రాసిన టోనీ కుష్నర్ తప్పించుకోలేదు. మార్చింది నిజమే అని ఒప్పుకున్నాడు. ఆ ఓటు ఎంత తక్కువ తేడాతో గెలిచిందో ప్రేక్షకుడికి తెలియాలనే అలా రాశాననీ, నిజం మనుషుల మీద వేయకుండా ఆ ఇద్దరికీ కల్పిత పేర్లే పెట్టాననీ, చరిత్ర పుస్తకం వేరు చారిత్రక నాటకం వేరనీ చెప్పాడు. పదిహేను సెకన్ల సీన్ అని కూడా అన్నాడు.

ఇక్కడే నేనూ బావా చెరో వైపు అయ్యాం. బావ అంటాడూ, "ఆర్ఆర్ఆర్ చూసి అల్లూరి, కొమరం భీం స్నేహితులు ఎలా అయ్యారని నువ్వెప్పుడైనా అడిగావా? మరి దీన్నెందుకు అడుగుతున్నావ్?" ఆ ప్రశ్నకి నేను కాసేపు తడుముకున్నా, ఒప్పుకుంటా. కానీ ఆర్ఆర్ఆర్ కల్పిత కథ అని రాజమౌళి షూటింగ్ రోజుల్లోనే 2019లో ప్రెస్‌మీట్ పెట్టి మరీ చెప్పాడు. ఆ మాట నమ్మే మనం హాల్లోకి వెళ్లాం. లింకన్ సినిమా మనతో చేసుకున్న ఒప్పందం అది కాదు. గడియారం చప్పుడు కూడా అసలుదే వినిపిస్తా అన్న సినిమా అది. అలాంటప్పుడు సభ రికార్డుల్లో అచ్చులో ఉన్న ఓటుని ఎలా మారుస్తారు? ఇంకోటి గమనించండి, సినిమాలో కూడా మొత్తం 119-56 అనే ఉంది. అంటే కనెక్టికట్ దగ్గర తీసేసిన రెండు ఓట్లు ఇంకెవరి ఖాతాలోనో పడాలి కదా. ఎన్ని ఓట్లతో గట్టెక్కిందో సరిగ్గా అన్నే ఓట్లు. ఓట్లు లెక్కపెట్టడమే కథ అయిన సినిమాలో ఇది చిన్న విషయం కాదండీ.

బావకి మాత్రం వేరే చోట గుచ్చుకుంది. "బానిసత్వం పోవడం మీద సినిమా, అందులో నల్లజాతి వాళ్లు నిలబడి చూడటం తప్ప ఏం చేశారు బామ్మర్దీ?" అన్నాడు. ఆయనకి తెలీదు గానీ, సినిమా వచ్చిన నెలలోనే కేట్ మజూర్ అనే చరిత్రకారిణి న్యూయార్క్ టైమ్స్‌లో ఇదే రాసింది. మిసెస్ లింకన్ బట్టలు కుట్టే ఎలిజబెత్ కెక్లీ గాలరీలో కూర్చుని కనిపిస్తుంది. కానీ నిజ జీవితంలో ఆవిడ బానిసత్వం నుంచి తనని తాను కొనుక్కుని బయటపడి, వాషింగ్టన్‌కి పారిపోయి వచ్చినవాళ్ల కోసం చందాలు పోగుచేసి సంఘం నడిపిన మనిషి. ఆ కెక్లీ సినిమాలో లేదు. బానిసత్వం నుంచి తప్పించుకుని, దాని మీద పోరాడిన నల్లజాతి నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్ అసలు కనిపించనే కనిపించడు. ఈ విషయంలో నేను బావతో వాదించలేదు. ఆయనదే కరెక్టు.

ఇక ఆస్కార్ సంగతి. 2013 ఫిబ్రవరి 24 రాత్రి లింకన్‌కి వచ్చినవి రెండే. డే-లూయిస్‌కి ఉత్తమ నటుడు, ఆయనకది మూడోసారి, ప్రొడక్షన్ డిజైన్‌కి ఇంకోటి. ఉత్తమ చిత్రం 'ఆర్గో'. స్క్రీన్‌ప్లే అవార్డు కూడా కుష్నర్‌కి కాదు, ఆర్గోకే. ఆ ఆర్గోలో చివర విమానం వెనకాల రన్‌వే మీద బళ్లు వెంటపడతాయే, అలాంటిదేమీ జరగలేదు. ఆ కథలో ఇరాన్‌లో చిక్కుకుపోయిన ఆరుగురు అమెరికన్లని కాపాడటంలో తొంభై శాతం పని కెనడా వాళ్లదని అప్పట్లో అధ్యక్షుడిగా ఉన్న జిమ్మీ కార్టరే చెప్పాడు. రెండు ఓట్లు మార్చిన సినిమాకి లెటర్లు వెళ్లాయి, క్లైమాక్సే కల్పించిన సినిమా ట్రోఫీ పట్టుకెళ్లింది. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఒక్క సంగతి చెప్పి ఆపేస్తా, ఇది విన్నాక బావ కూడా కాసేపు మాట్లాడలేదు. మిసిసిపీ రాష్ట్రంలో మెడికల్ యూనివర్సిటీలో పనిచేసే, మన ఇండియాలో పుట్టిన ఒక ప్రొఫెసర్ ఈ సినిమా చూశాడు. ఆ ఓటు తర్వాత ఆమోదం కోసం రాష్ట్రాలకి వెళ్లిన సవరణకి అక్కడ ఏం జరిగిందో చూద్దామని ఇంటికెళ్లి నెట్‌లో వెతికాడు. మిసిసిపీ పక్కన ఒక చుక్క గుర్తు కనిపించింది. ఆరా తీస్తే తేలిందేంటంటే, 1865లో ఆ సవరణని తిరస్కరించిన మిసిసిపీ, 1995లో ఆమోదిస్తూ తీర్మానం చేసింది గానీ, ఆ కాగితం వాషింగ్టన్‌కి పంపనే లేదు! ఆయనా, ఆయన సహోద్యోగీ కలిసి ఆ మాటని రాష్ట్ర అధికారుల దాకా తీసుకెళ్లారు. కాగితం వెళ్లింది. 2013 ఫిబ్రవరి 7న మిసిసిపీ ఆమోదం అధికారికంగా రికార్డులోకి ఎక్కింది. కోర్ట్నీ లెటర్ రాసిన రెండు రోజులకి.