మన గల్లీలో ఎవరి తీగ ఉంది?

శ్రోతలందరికీ నమస్కారం.

మా గృహప్రవేశం రోజున పొయ్యి మీద పాలు ఇంకా పొంగలేదు, గుమ్మంలో టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి నిలబడ్డాడు. క్యాటరింగ్ మనిషేమో అనుకుని మా అత్తయ్యగారు "టిఫిన్లు టెర్రస్ మీద దించు నాయనా" అన్నారు. అతను ఇంటర్నెట్ కంపెనీ మనిషి. ఆర్నెల్లకు ఒకేసారి కడితే నెల ఫ్రీ, రౌటర్ ఫ్రీ, సినిమాల యాప్‌లు ఫ్రీ అన్నాడు. ముహూర్తం టెన్షన్‌లో ఉన్న మావారు అక్కడికక్కడే ఫోన్‌లో డబ్బు పంపేశారు. నిజాంపేటలో ఈ ఫ్లాటు కొనడానికి రెండేళ్లు తిరిగాం. నెట్ కనెక్షన్ సంగతి రెండు నిమిషాల్లో తేల్చేశాం.

తర్వాత నాలుగు నెలలు మా హాల్లో రౌటర్ మీద నెట్ లేదని చెప్పే ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. ఆ కంపెనీ పేరు చెప్పను. చెప్పినా మీకు ఉపయోగం లేదు. ఎందుకంటే దిల్‌సుఖ్‌నగర్‌లో మా చెల్లెలి ఇంట్లో అదే కంపెనీ కనెక్షన్ ఏళ్ల తరబడి నిక్షేపంలా పనిచేస్తోంది. కొత్త ఇంట్లోకి వెళ్లేవాళ్లందరూ "ఏ కంపెనీ మంచిది?" అని అడుగుతారు. నేనూ అలాగే అడిగాను. అడగాల్సింది అది కాదని నాలుగు నెలల తర్వాత తెలిసింది. మన గల్లీలో ఎవరి తీగ ఉంది, అది ఎలా వచ్చింది, తెగితే ఎవరు వస్తారు? ఇవీ అడగాల్సినవి.

హైదరాబాద్‌లో నెట్ మోసుకొచ్చే ఫైబర్ తీగ చాలాచోట్ల భూమి లోపల నుంచి రాదు. కరెంటు స్తంభాల మీదుగా, చెట్ల కొమ్మల మీదుగా, ఒక మేడ పిట్టగోడ నుంచి ఇంకో మేడ పిట్టగోడకు దూకుతూ వస్తుంది. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. కృష్ణాష్టమి ఊరేగింపులో రథానికి కరెంటు సోకి ఐదుగురి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత విద్యుత్ సిబ్బంది స్తంభాల మీద వేలాడుతున్న కేబుళ్లను కత్తిరించడం మొదలుపెట్టారు. ఊళ్లో చాలా ఇళ్లలో నెట్ ఆగిపోయింది. వ్యవహారం హైకోర్టు దాకా వెళ్లింది. ప్రాణాల ముందు నెట్ ఎంత? ఆ చుట్టలు చుట్టలుగా వేలాడే తీగల కింద నుంచి పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లే నేను వాటిని తీసేయడాన్ని తప్పు పట్టను. కాకపోతే ఆ రోజుల్లో ఒక సంగతి అందరికీ తెలిసొచ్చింది. కంపెనీ ఎంత పెద్దదైనా, మన ఇంటికి వచ్చే చివరి వంద గజాలు మాత్రం ఒక స్తంభం మీద, ఒక లైన్‌మన్ చేతిలో ఉంటాయి.

మరి ఆ వంద గజాల గురించి ఎవరికి తెలుస్తుంది? కాల్ సెంటర్‌కు తెలియదు. మా వాచ్‌మన్‌కు తెలుసు. నాలుగు నెలల తర్వాత బుద్ధి వచ్చి అతన్ని అడిగాను. "మెట్ల కింద డబ్బా ఉన్నది చూడున్రి మేడమ్, వాళ్ల మనిషి వారంల రెండుసార్లు నిచ్చెనేసుకొని వస్తడు. లిఫ్ట్ పక్కన డబ్బావోళ్లను నేనొచ్చినంక రెండుసార్లే చూసిన" అన్నాడు. మెట్ల కింద ఉన్న నెట్ డబ్బా మా కంపెనీదే. లైన్‌మన్ మాటిమాటికీ వస్తున్నాడంటే సర్వీసు బాగుందని నేను అనుకునేదాన్ని! మీరు కొత్త ఫ్లాటు చూడటానికి వెళ్లినప్పుడు ఏ కంపెనీ మనిషి ఎన్నిసార్లు నిచ్చెనతో వస్తాడని వాచ్‌మన్‌ను ఈ ఒక్క ప్రశ్న అడగండి. తర్వాత పైఅంతస్తులోనో కిందఅంతస్తులోనో ఒకరిద్దరిని, వాన పడ్డ రాత్రి నెట్ ఉంటుందా అని అడగండి. స్పీడు ఎంత అని అడిగితే ప్లాన్‌లో ఉన్న అంకె చెబుతారు. వాన రాత్రి సంగతి అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతారు.

ఇంకొకటి అడగాలి. ఫైబర్ మన ఫ్లాటు లోపలికి వస్తుందా, లేక బిల్డింగ్ దాకా వచ్చి ఆగిపోతుందా? ఫైబర్ అంటే వెంట్రుక మందంలో ఉండే గాజు పోగు. అందులో వెళ్లేది కాంతి. ఒక పోగును స్ప్లిటర్ అనే చిన్న పరికరంతో 32 ఇళ్లకో 64 ఇళ్లకో పంచుతారు. ఆ స్ప్లిటర్‌కు కరెంటు అక్కర్లేదు. మన ఇంట్లో రౌటర్‌కు, అవతల కంపెనీ కేంద్రంలో కరెంటు ఉంటే చాలు, వీధి మొత్తం చీకట్లో ఉన్నా నెట్ వస్తుంది. రెండో పద్ధతిలో ఫైబర్ టెర్రస్ మీద ఒక డబ్బా దాకా వస్తుంది. అక్కడి నుంచి మామూలు రాగి ల్యాన్ కేబుల్ ఫ్లాటుకు దింపుతారు. ఆ డబ్బాలో నెట్‌ను ఫ్లాట్లకు పంచే స్విచ్ అనే పరికరానికి కరెంటు కావాలి. దానికి బ్యాటరీ లేకపోతే, మన ఇంట్లో ఇన్వర్టర్ ఉన్నా లాభం లేదు. కరెంటు పోతే నెట్ కూడా పోయినట్టే. పైగా ఉరుముల వానకు ఆ రాగి తీగలు, స్విచ్‌లు కాలిపోతుంటాయి. మా ఎర్ర లైటుది మాత్రం వేరే కథ. ఫైబర్ లోపలికే వచ్చింది, కానీ బయట చెట్టు దగ్గర వేసిన జాయింట్‌లోకి నీళ్లు దిగేవి. లైన్‌మన్ వచ్చిన ప్రతిసారీ తుడిచి టేపు చుట్టి వెళ్లేవాడు.

తీగే రాని కొత్త కాలనీల్లో ఉండేవాళ్లకు ఎయిర్ ఫైబర్ ఉంది. 5జీ టవర్ నుంచి వచ్చే సిగ్నల్‌ను టెర్రస్ మీదో కిటికీ బయటో పెట్టిన పెట్టె పట్టుకుని ఇంట్లోకి ఇస్తుంది. జియో 2023 సెప్టెంబరులో దీన్ని మొదలుపెట్టిన ఎనిమిది నగరాల్లో హైదరాబాద్ ఒకటి. ఫైబర్ దొరికేదాకా వాడుకోవడానికి మంచిదే. ఫైబర్ దొరికితే నేనైతే ఫైబరే తీసుకుంటాను.

స్పీడు సంగతికి వద్దాం. ప్రకటనల్లో 300, 500, వెయ్యి అంటారు. అవి సెకనుకు వచ్చే మెగాబిట్లు, అంటే ఎంబీపీఎస్. ఎనిమిది బిట్లు ఒక బైటు కాబట్టి, 100 ఎంబీపీఎస్ అంటే సెకనుకు పన్నెండున్నర మెగాబైట్లు మాత్రమే. అయినా అది తక్కువేం కాదు. చాలా స్పష్టంగా కనిపించే 4కే సినిమాకు 15 దాకా, హెచ్‌డీ వీడియోకు 5 దాకా, వీడియో మీటింగ్‌కు మూడో నాలుగో సరిపోతాయి. టీవీలో 4కే సినిమా, ఇద్దరికి ఆఫీసు మీటింగులు, ఒకరికి ఆన్‌లైన్ క్లాసు అన్నీ ఒకేసారి నడిచినా 30కి మించదు. 50 నుంచి 100 దాకా ఉన్న ప్లాన్ మామూలు కుటుంబానికి చాలు. మిగిలే డబ్బుతో మంచి రౌటర్ కొనుక్కోండి, అసలు గొడవ అక్కడే ఉంది.

ఎందుకంటే ఇప్పుడు కోకాపేట, నార్సింగి, తెల్లాపూర్ వైపు లేస్తున్న టవర్లలో చాలావాటికి ఇటుక గోడలు లేవు. మివాన్ పద్ధతిలో అల్యూమినియం అచ్చులు పెట్టి ఇనుము, కాంక్రీటుతో గోడలు పోస్తారు. మేకు దిగడమే కష్టం, ఇక వైఫై ఏం దిగుతుంది? హాల్లో 100 వచ్చినా వెనక బెడ్‌రూమ్‌లో పది కూడా రాదు. రౌటర్ ఇచ్చే రెండు రకాల సిగ్నళ్లలో 5 గిగాహెర్ట్జ్‌దానికి స్పీడెక్కువ, గోడలు దాటే శక్తి తక్కువ. 2.4 గిగాహెర్ట్జ్‌ది దీనికి తలకిందులు. ఇక బిల్డర్ ఏం చేస్తాడంటే, తలుపు పక్కన ఇనప రేకు డబ్బా ఒకటి గోడలో బిగించి, రౌటర్ అందులో పెట్టుకోమంటాడు. ఇనప డబ్బాలో రౌటర్ పెట్టడమంటే దుప్పటి కప్పుకుని పాట పాడటం లాంటిది. తీగ డబ్బాలోకి రానివ్వండి, రౌటర్‌ను మాత్రం బయటికి, ఇంటి మధ్యకు, కాస్త ఎత్తుకు తెచ్చుకోండి. టీవీ యూనిట్ చేయించేవాళ్లు దాని వెనక అరలో దాచేస్తామంటే ఒప్పుకోవద్దు. పెయింట్ పనికి ముందే ఎలక్ట్రీషియన్‌తో వైఫై అందని చోటికి తీగతోనే నెట్ వచ్చేలా ప్రతి బెడ్‌రూమ్‌కూ క్యాట్ 6 రకం ల్యాన్ కేబుల్ లాగించుకోండి. అప్పుడైతే అది చిన్న పని. తర్వాతైతే గోడ మీద పట్టీ కొట్టించుకోవాలి.

ఇక టీవీ. మా ఇంట్లో దీని మీద పెద్ద చర్చే జరిగింది. పిల్లలు టీవీ కనెక్షనే వద్దు, యాప్‌లు చాలన్నారు. అత్తయ్యగారికి పొద్దున ఎస్వీబీసీలో శ్రీవారి సేవలు, సాయంత్రం సీరియళ్లు కావాలి. యాప్‌లో ఆ సీరియళ్లే వస్తాయని మావారు చూపించారు. ఆవిడ రెండు రిమోట్లు చేతిలో పట్టుకుని, "ఇందులో దేనికి మొక్కాలిరా?" అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది.

డిష్ పెట్టుకునేవాళ్లకు చిన్న మాట. డిష్‌కు సిగ్నల్ పంపే ఉపగ్రహాలు భూమధ్యరేఖ పైన ఉంటాయి, కాబట్టి హైదరాబాద్ నుంచి డిష్ దక్షిణానికో ఆగ్నేయానికో చూడాలి. మనం వాస్తు చూసుకుని ఉత్తరం, తూర్పు అంటూ ఫ్లాటు ఎంచుకుంటాం. ఉత్తరం బాల్కనీ ఒక్కటే ఉంటే డిష్‌కు అక్కడ ఆకాశం కనపడదు, టెర్రస్ మీద చోటు కోసం అసోసియేషన్‌ను అడగాలి. అయితే వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలోనే కదా, దాని పక్కన ఉండే యుటిలిటీ బాల్కనీ డిష్‌కు సరిగ్గా సరిపోతుంది. గట్టి వానలో సిగ్నల్ కాసేపు పోవడం మాత్రం ఏ కంపెనీ డిష్‌కైనా తప్పదు.

కేబుల్‌కైనా డిష్‌కైనా బిల్లులో రెండు ముక్కలుంటాయి. ఒకటి చానళ్లను మన ఇంటిదాకా చేర్చినందుకు తీసుకునే నెట్‌వర్క్ ఫీజు, రెండోది మనం ఎంచుకున్న పే చానళ్ల, అంటే డబ్బు కట్టి చూసే చానళ్ల ధర. చానళ్లు విడిగా ఎంచుకునే ఈ పద్ధతి 2019 ఫిబ్రవరి నుంచి నడుస్తోంది. మొదట్లో నెట్‌వర్క్ ఫీజుకు 130 రూపాయల పరిమితి ఉండేది. 2024 జూలైలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆ పరిమితి తీసేసింది. అందుకని ఇప్పుడు ఎంత వేస్తున్నారో అడగాల్సిందే. కేబులాయన ఇచ్చే ప్యాక్‌లో మనం ఒక్కసారి కూడా చూడని చానళ్లు డజన్ల కొద్దీ ఉంటాయి. రోజూ చూసేవి కాగితం మీద రాసుకుని వెళ్తే బిల్లు తగ్గుతుంది. నెలవారీ బిల్లే వద్దనుకుంటే దూరదర్శన్ వారి ఫ్రీ డిష్ ఉంది. పెట్టెకు, డిష్‌కు ఒకసారి పెట్టే ఖర్చే తప్ప నెల నెలా కట్టేదేమీ లేదు. దాంట్లో యాదగిరి చానల్ వస్తుంది గానీ, అత్తయ్యగారి సీరియళ్లన్నీ రావు.

ఫైబర్ కంపెనీలే టీవీ కూడా కలిపి ఇస్తామంటాయి. చవకే. కానీ తీగ తెగితే రెండూ ఒకేసారి పోతాయి. పెద్దవాళ్లున్న ఇంట్లో టీవీ వేరుగా ఉండటమే మేలని నా అభిప్రాయం. మేము కేబుల్ పెట్టుకున్నాం.

డబ్బు కట్టేటప్పుడు ప్రకటనలో అంకెకు 18 శాతం జీఎస్టీ కలుపుకోండి. 399 అంటే చేతి నుంచి పోయేది 471. అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఏడాదికి కట్టొద్దు. సొంతిల్లైనా మొదట నెలకే కట్టి, రెండు వానలు చూసి, తర్వాత ఆర్నెల్లకు వెళ్లండి. ఫిర్యాదు ఫోన్‌లో చెప్పి వదిలేయకుండా నంబరు అడిగి రాసుకోండి. ఆ నంబరు ఉంటేనే ఫిర్యాదు తీరకపోతే పైన వినడానికి కంపెనీలో ఉండే అప్పిలేట్ అథారిటీకి వెళ్లగలం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కూ ఫోన్ చేయొచ్చు. నేను ఫిర్యాదు నంబర్లు తొమ్మిది రాసుకున్న తర్వాతే మిగిలిన నెలల డబ్బు వెనక్కి వచ్చింది.

ఇప్పుడు మాది లిఫ్ట్ పక్కన డబ్బా. కనెక్షన్ వచ్చిన సాయంత్రమే వాచ్‌మన్ వైఫై పాస్‌వర్డ్ అడిగాడు, ఇచ్చాను. ఏడున్నర కావస్తోంది, అత్తయ్యగారు రిమోట్ వెతుక్కునే వేళ. సెలవు.