సైకిల్ మీద కావడి: సుదూర యాత్రకు సామాను సర్దడం

(బల్ల మీద నాలుగు సంచులు, చుట్టిన టెంటు, కొక్కెం తూకం. పక్కన ఖాళీ సైకిల్.)

నమస్కారం. వారాల తరబడి సైకిల్ తొక్కుతూ, రాత్రికి టెంటు వేసుకుని పడుకునే యాత్రల మాట ఎత్తగానే అందరూ అడిగేది ఒక్కటే: "మొత్తం ఎన్ని కిలోలు ఉండాలి?" ఈ ప్రశ్న వింటే నాకు చిరాకు వేస్తుంది. పదిహేను కిలోలకే వాలులో వణికిపోయిన సైకిల్‌ను చూశాను. పాతిక కిలోలతో నిమ్మళంగా సాగిపోయిన సైకిల్‌నూ చూశాను. బరువు ఎక్కడ కూర్చుందో ఎవరూ అడగరేం?

కావడిని ఊహించుకోండి. భుజం మీద బద్ద, రెండు కొసలకూ చెరొక కుండ. నిండు కుండలతో గట్టు మీద నడిచే మనిషి తూలడు. ఒక కుండ తీసేయండి. బరువు సగమైంది, కానీ ఇప్పుడు నడవలేడు. చక్రానికి రెండు వైపులా తగిలించే ఈ సంచులూ అంతే. ఎడమా కుడీ సమానంగా తూగాలి. చేతి అంచనాను నమ్మకండి, ఇదిగో, ఈ కొక్కెం తూకంతో తూచండి.

(రెండు సంచులనూ తూచి చూపించాలి.)

కావడిలో ఇంకో తెలివి ఉంది: కుండలు కింద వేలాడతాయి. ఆ రెంటినీ దొంతరగా నెత్తిన పెట్టుకుని నడవమంటే? వెనక క్యారియర్ పైన చాలామంది చేసేది అదే. పనిముట్లు, స్టవ్వు, నీళ్ళ సీసాలు, అన్నీ పైకే. లేచి నిలబడి తొక్కిన ప్రతిసారీ ఆ దొంతర సైకిల్‌ను పక్కకు లాగుతుంది. బరువైనవి సంచి అడుగున, చక్రం వైపుకు ఆనించి పెట్టండి. క్యారియర్ పైన టెంటు, స్లీపింగ్ బ్యాగు లాంటివి చాలు. అవి చోటు తింటాయి కానీ పెద్దగా తూగవు.

ఇక ముందూ వెనకల సంగతి. నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది ఇదే. కూర్చుని తొక్కే మనిషి బరువులో సగానికి పైగా అప్పటికే వెనక చక్రం మీద ఉంటుంది. సామానంతా కూడా అక్కడే కడితే ఎత్తు ఎక్కేటప్పుడు ముందు చక్రం తేలిపోతుంది, హ్యాండిల్ నిలవదు. పైగా వెనక చువ్వలు తెగుతాయి. గొలుసు వైపు చువ్వలు మరీ బిగువుగా ఉంటాయి. అటువైపు ఒకటి తెగితే, గేరు పళ్ళ చక్రాలన్నీ ఊడదీస్తే తప్ప సాధారణంగా కొత్తది ఎక్కదు. దారి పక్కన కూర్చుని చేయాల్సిన పని కాదది. అందుకే సైకిల్‌కు రెండు కావళ్ళు కావాలి: వెనక ఒకటి, ముందు చక్రానికి ఇరుసు ఎత్తులో చిన్నది ఒకటి.

కావడి కుండ ఊగితే మోసేవాడు అడుగు మార్చి సర్దుకుంటాడు. సైకిల్‌కు ఆ వీలు లేదు. సంచి వదులుగా ఉంటే దిగుడులో వేగం పెరిగేకొద్దీ హ్యాండిల్ దడదడలాడవచ్చు. అప్పుడు హ్యాండిల్‌ను బిగించి పట్టకండి. ఫ్రేమ్ పై గొట్టానికి మోకాలు ఆనించి, మెల్లగా వేగం తగ్గించండి. సంచి కింది కొక్కెం కూడా తగిలించారా? క్యారియర్ బోల్టులు బిగువుగా ఉన్నాయా? రోజూ పొద్దున్నే చూడండి. కొక్కేల రబ్బరు తాళ్ళను నేను నమ్మను. అవి సాగుతాయి, జారితే చువ్వల్లో చిక్కుకుంటాయి. బకిల్ ఉన్న పట్టీలే వాడండి.

ఏం తీసుకెళ్ళాలి అన్న ప్రశ్నకు నాకు ఇష్టమైన జవాబు థామస్ స్టీవెన్స్. 1884 ఏప్రిల్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పెద్ద ముందు చక్రం సైకిల్ మీద బయల్దేరి ప్రపంచం చుట్టిన మనిషి. వెంట ఉన్నవి మేజోళ్ళు, మరో చొక్కా, ఒక రివాల్వర్, ఒక వాన కోటు. ఆ కోటే టెంటు, ఆ కోటే పక్క! మీ ప్రతి వస్తువునూ ఆ కోటు పక్కన పెట్టి చూడండి.

సమయం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. లీటరు నీళ్ళంటే కిలో, సీసాలు ఫ్రేమ్ మధ్యలో ఉంచండి. స్టవ్వు ఇంధనం తిండికి దూరంగా, నిలువుగా. సంచి మూతకు కనీసం మూడు మడతలు వేస్తేనే వాన నీరు ఆగుతుంది. తొక్కేటప్పుడు మడమ సంచికి తగిలితే సంచిని వెనక్కి జరపండి. కాగితాలు, ఫోను హ్యాండిల్ సంచిలో, అందులో బరువైనవేవీ వద్దు. టైరులో గాలి కాస్త పెంచండి, టైరు పక్కన ముద్రించిన అంకె దాటకుండా. బ్రేకు ముందుగానే వేయండి, బండి ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది.

ఆఖరిది మాత్రం వదలకండి. యాత్రకు ముందే పూర్తి సామానుతో ఒక రోజు తొక్కి, రాత్రి టెంటులో పడుకోండి. తెల్లారాక, ఒక్కసారి కూడా బయటికి తీయని వస్తువులన్నీ పక్కన పెట్టండి. వాటిలో మరమ్మతు సామాను, మందులు, వాన బట్టలు మళ్ళీ సంచుల్లోకి వెళ్ళాలి, మిగతావి ఇంట్లోనే ఉండాలి. ఇప్పుడు ఎడమ సంచీ కుడి సంచీ మరోసారి తూచండి.